పిల్లల చేతి మజ్జిగ రొట్టె

రొట్టె అనగానే మనకు పెనం మీద కాల్చే చపాతీ, జొన్నరొట్టె గుర్తుకు వస్తాయి. లేదా బజారు నుండి తెచ్చే మైదా బ్రెడ్డు. ఈస్టు అవసరం లేకుండా, గంటలో ఇంట్లోనే పొంగే రొట్టె మరొకటి ఉన్నది. 19వ శతాబ్దపు మధ్యకాలం నుండి ఐర్లండు గృహిణులు చేసుకుంటూ వచ్చిన సోడా రొట్టె అది. పిండి, ఉప్పు, వంటసోడా, వెన్న తీసిన పుల్లని మజ్జిగ: కావలసినవి ఈ నాలుగే. బేకరీ బ్రెడ్డు తయారీలో వాడుతూ వచ్చిన పొటాషియం బ్రోమేటును మన దేశంలో 2016లో నిషేధించారు. ఇంటి రొట్టెలో ఏమేమి ఉన్నాయో, దానిని కలిపిన పిల్లవాడే చెప్పగలడు.

వంటసోడా క్షారగుణం కలది, మజ్జిగ ఆమ్లగుణం కలది. రెండూ కలిసిన క్షణంలోనే బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. ముందుగా ఒక గాజుగ్లాసులో కాస్త మజ్జిగ పోసి, చిటికెడు సోడా వేసి పిల్లలకు చూపించండి. నురగ పైకి లేచే తీరు వారికి గొప్ప వినోదం. ఆ వాయువే పిండిని పొంగిస్తుంది. చపాతీ పిండిని ఎంత మర్దిస్తే అంత మంచిదంటాము. ఇక్కడ సరిగ్గా విరుద్ధం. ఎక్కువగా పిసికితే వాయువు తప్పించుకుపోతుంది, రొట్టె రాయి అవుతుంది. చేతిబలం లేని ఎనిమిదేళ్ళ పిల్లలు ఈ పనికి పెద్దల కంటే తగినవారు!

పావుకిలో గోధుమపిండి, అర టీస్పూను సోడా, అర టీస్పూను ఉప్పు, అర టీస్పూను వాము కలిపి జల్లించాలి. సోడాను చెంచాలోకి తీసుకొని, పైభాగాన్ని చాకు వెనుకవైపుతో సమం చేయించండి. అది ఎక్కువైతే రొట్టెకు సబ్బు రుచి వస్తుంది. అంతేకాదు, క్షారం గోధుమలోని బి1 విటమినును నశింపజేస్తుంది. పిండి మధ్యలో గుంట చేసి, సుమారు 200 మిల్లీలీటర్ల మజ్జిగ పోసి, వేళ్ళతో చకచకా కలిపి ముద్ద చేయాలి. పిండి తీరును బట్టి మజ్జిగ కాస్త అటూ ఇటూ అవుతుంది. ముద్ద పైన లోతుగా అడ్డంగా, నిలువుగా గాటు పెడితే వేడి నడుమకు చేరుతుంది. పచ్చిపిండిని పిల్లలు నోట పెట్టుకోకుండా చూడాలి. అందులో రోగకారక క్రిములు ఉండవచ్చును.

ఓవెను ఉన్నవారు 200 డిగ్రీల వద్ద ముప్పై అయిదు నిమిషాలు కాల్చవచ్చు. లేనివారు మందపాటి పాత గిన్నెలో ఇసుక పోసి, మూతపెట్టి పది నిమిషాలు వేడిచేసి, నెయ్యి రాసిన పళ్ళెంలో ముద్దను లోపల ఉంచి, మూతపెట్టి సన్నని సెగపై ముప్పావు గంట సేపు కాల్చాలి. ఈ పని పూర్తిగా పెద్దలదే. రొట్టె అడుగున తట్టితే డొల్లగా మోగాలి.

పెరుగునే వాడరాదా అని కొందరికి సందేహం కలుగుతుంది. పెరుగును వేడిచేసి తినరాదని చరకాచార్యుని నిషేధం. మజ్జిగనైతే కాచి పులుసుగా తినడం మనకు అలవాటే. అందుకే ఈ వంటకు మజ్జిగే మేలని నా అభిప్రాయం. తీపి కావాలంటే బెల్లం తురుము వేయండి, తేనె వద్దు. తేనెను వేడిచేయరాదని శాస్త్రం. పాశ్చాత్యుల పద్ధతిలో అరటిపండు కలుపుదామని పిల్లలు అడుగుతారు. పాలు, పెరుగు, మజ్జిగలతో అరటిపండును సుశ్రుతుడు విరుద్ధాహారంగా లెక్కించాడు.

గోధుమ మధురం, స్నిగ్ధం, గురువు. అరగడానికి వ్యవధి కావాలి. వాము చేర్చడం అందుకే. జలుబు, దగ్గు ఉన్నప్పుడు, ఆకలి మందగించినప్పుడు పిల్లలకు ఈ రొట్టె పెట్టకండి. గోధుమ సరిపడనివారు దీని జోలికి పోరాదు. రక్తపోటు ఉన్న పెద్దలు, ఉప్పుతో పాటు సోడాలోనూ సోడియం ఉందని గమనించి ఒక ముక్కతో సరిపెట్టుకోవాలి.

వేడిమీదనే కోస్తే లోపలి భాగం జిగటగా విడిపోతుంది. పిల్లలు తొందరపెట్టినా అరగంట ఆగి, పలుచని ముక్కలుగా కోసి, నెయ్యి రాసి పెట్టండి. ఈ రొట్టె త్వరగా ఎండిపోతుంది. మిగిలితే మరునాటి ఉదయం పెనం మీద కాల్చి, పెసరకట్టుతో తినవచ్చును.