త్రిశంకుని ఇరుగుపొరుగు

విశ్వామిత్రుడు త్రిశంకుని కొరకు దక్షిణదిక్కున వేరొక నక్షత్రమండలమును సృష్టించెనని రామాయణకథ. ఆ త్రిశంకుడు ఆకాశమున ఎక్కడనున్నాడని అడిగినచో, చుక్కలెరిగినవారు దక్షిణమున శిలువవలె అమరిన నాలుగు నక్షత్రములను చూపుదురు. లండను నగరవాసి తన ఇంటినుండి వాటిని జన్మలో చూడజాలడు. అనకాపల్లి జిల్లాలోని ఎస్. రాయవరము రైతు మాత్రము మే నెలలో రాత్రి తొమ్మిది గంటలవేళ పొలముగట్టున నిలిచి చూడగలడు.

ఈ భాగ్యమునకు కారణము అక్షాంశమే. ఎస్. రాయవరము భూమధ్యరేఖకు సుమారు 17½ డిగ్రీల ఉత్తరమున నున్నది. ఆకాశమున ఒక వస్తువు ఖగోళమధ్యరేఖకు ఎన్ని డిగ్రీలు దక్షిణముగా నున్నదో, ఆ సంఖ్యను 72½ నుండి తీసివేయగా మిగిలినదే అది ఇచ్చట ఎక్కగల ఎత్తు. ఒమేగా సెంటారి అను నక్షత్రగుచ్ఛము 25 డిగ్రీలు ఎక్కును. కెరీనా నీహారిక 13 డిగ్రీలకు మించి లేవదు. పెద్ద మెగలాను మేఘము రెండు మూడు డిగ్రీల ఎత్తుననే సముద్రపు ఆవిరిలో కలిసిపోవును.

ఒమేగా సెంటారిని పూర్వము టాలమీ ఒక నక్షత్రముగానే లెక్కించెను. 1677లో ఎడ్మండ్ హాలీ సెయింట్ హెలీనా ద్వీపమునుండి చూచి, అది చుక్క కాదు, కాంతిమేఘమని గుర్తించెను. నిజమునకు అది సుమారు 17 వేల కాంతిసంవత్సరముల దూరమున గుమిగూడిన దాదాపు కోటి నక్షత్రముల సంత. ఆ హాలీ పేరిటి తోకచుక్కయే 1910లో మరల వచ్చినప్పుడు, ఎస్. రాయవరమున 1862లో జన్మించిన గురజాడ అప్పారావు దానిని అరిష్టముగా భావింపక, ‘ముత్యాల సరములు’లో సంస్కరణకు సంకేతముగా స్వాగతించెను.

కంటికి మసకమచ్చగా తోచు నీహారిక ఛాయాచిత్రములో ఎర్రగా విరియుట ఎట్లు? కన్ను వెలుతురును కూడబెట్టలేదు, ఛాయాఫలకము కూడబెట్టగలదు. 1880లో అమెరికాలో హెన్రీ డ్రేపర్ మృగవ్యాధమండలపు నీహారికను తొలిసారి ఫలకముపై నిలిపెను. 1883లో ఇంగ్లండున ఏ. ఏ. కామన్ తీసిన చిత్రములో, దూరదర్శినితో చూచినను కంటికందని నక్షత్రములు ప్రత్యక్షమాయెను. ఆ కామన్ వృత్తిచేత ఇంజనీరు. ఖగోళము అతనికి వ్యసనము.

తెలుగుదేశమునను అట్టి వ్యసనపరులకు కొదువలేదు. గోడే వెంకట జగ్గారావు 1840లో విశాఖపట్టణమున సొంత ధనముతో వేధశాలను నెలకొల్పెను. ఆయన అనంతరము అల్లుడు అంకితము వెంకట నరసింగరావు దానిని పోషించి, 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబమును దాటుటను పరిశీలించెను. హైదరాబాదున నవాబు జఫర్ జంగ్ ఇంగ్లండునుండి దూరదర్శినులు తెప్పించి, 1901లో ఫిసల్‌బండలో వేధశాలకు పునాది వేసెను. ఆయన మరణానంతరము, 1908లో నిజాము ప్రభుత్వము దానిని స్వీకరించెను. అందలి ఎనిమిది అంగుళముల ఛాయాగ్రాహక దూరదర్శినికి గొప్ప పని దొరకినది. ఆకాశమునంతయు ఫలకములపైకెక్కించు అంతర్జాతీయ ప్రణాళికలో, దక్షిణమున 17 మొదలు 23 డిగ్రీల వరకు గల పట్టీ నిజామియా వంతునకు వచ్చెను. ఒక నవాబు వినోదమునకై కొన్న పరికరము లక్షల నక్షత్రముల పట్టికకు ఆధారమాయెను. హైదరాబాదునకును ఎస్. రాయవరమునకును అక్షాంశము ఇంచుమించు ఒకటే. కనుక ఆ ఫలకములపై నిలిచిన ఆకాశమే ఈ పల్లెపైని ఆకాశము.

నేడు గాజుఫలకము పోయి ఎలక్ట్రానిక్ కెమెరా వచ్చినది. కాని భూమి తిరుగుట మానలేదు. గంటకు 15 డిగ్రీల చొప్పున ఆకాశము జరిగిపోవుచుండగా, కదలని కెమెరాలో చుక్కలు గీతలగును. అందుచే కెమెరాను అంతే వేగమున త్రిప్పు పీఠము కావలెను. ఆ పీఠపు ఇరుసును మొదట ఉత్తరమున 17½ డిగ్రీల ఎత్తున నున్న ధ్రువుని దిక్కునకు గురిపెట్టవలెను. త్రిశంకుని చిత్రము తీయుటకు ముందు ధ్రువునికి నమస్కరింపవలసినదే! పిమ్మట నిమిషమేసి చొప్పున నూరు చిత్రములు తీసి, కంప్యూటరుతో ఒకదానిపై నొకటి పేర్చినచో, చిత్రములోని చిందరవందర పదవవంతునకు తగ్గి, నీహారిక పైకి తేలును. సామాన్యపు కెమెరాలలోని వడపోత ఉదజని వెలువరించు ఎరుపును చాలవరకు ఆపును. కనుక నీహారికలకై కొందరు దానిని తీయించి వేయుదురు. ఏప్రిల్, మే నెలలు ఈ పనికి అనువైనవి. ముందురాత్రి కెరీనా, నడిరేయికి ముందు ఒమేగా సెంటారి, తెల్లవారుజామున వృశ్చికము వరుసగా దక్షిణమునకు వచ్చును. వానకారు మబ్బులు పట్టినపిదప ఈ అవకాశముండదు.

ఎస్. రాయవరము మండలమున రేవుపోలవరము తీరమునుండి చూచినచో, సరిగా దక్షిణమున సముద్రము తప్ప మరేమియు లేదు. ఉప్పుగాలి కటకమును మసకబార్చును గాని, ఆ దిక్కున ఊరిదీపముల వెలుగు అడ్డురాదు. అయినను ఇరుప్రక్కలనుండి వెలుగు వ్యాపించుచున్నది. అచ్యుతాపురము, నక్కపల్లి ప్రాంతములలో పరిశ్రమలు పెరుగుచున్నవి. అవి జనులకు జీవనాధారము. రాత్రిపనికి దీపములు వలదని ఎవరనగలరు? కాని దీపకాంతి ముందుగా చెరచునది దిగంతమునకు దగ్గరి ఆకాశమునే. నడినెత్తినున్న చుక్కలు కొంతకాలము నిలుచును. 13 డిగ్రీల ఎత్తున తిరుగు కెరీనాయే మొదట మరుగగును. పెరిగిన హైదరాబాదు నగరమునుండి తప్పుకొని నిజామియా 48 అంగుళముల దూరదర్శినిని 1968లో రంగాపురమున నెలకొల్పవలసివచ్చెను. లడఖులోని హన్లే ప్రాంతమును 2022లో చీకటి ఆకాశపు రక్షితప్రాంతముగా ప్రకటించిరి. అచ్చట దీపములను ఆర్పివేయలేదు. వెలుగు నేలపైననే పడునట్లు మూతలు పెట్టిరి.

కెరీనా నీహారిక వెలుగు సుమారు 7,500 సంవత్సరములు నడచి ఈ తీరమునకు చేరుచున్నది. వీధిదీపముపై ఒక రేకు వంచినచో దాని తుదిమజిలీకి దారి దొరకును. ఆ రేకు ఖరీదు ఏ పంచాయతీకిని భారము కాదు.