మనసు సంగతీ డాక్టరుకు చెప్పాలి!

‘బాపుకు చెప్పకుండ్రి సార్... నిమ్ము చేసిందని చెప్పుండ్రి!’

ఊపిరితిత్తుల క్యాన్సర్ అని రిపోర్టు రాగానే చాలా ఇళ్లలో పిల్లలు డాక్టరును అడిగేది ఇదే. తండ్రి బెంగపడకూడదని వాళ్ల ఆరాటం. కానీ హనుమకొండలో బయల్దేరి, కాజీపేటలో రైలెక్కి, హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్‌.జె. క్యాన్సర్ ఆసుపత్రి బోర్డు చూశాక ఆ పెద్దాయనకు తెలియనిదేముంటుంది? పిల్లలు బాధపడతారని తెలియనట్టే ఉంటాడు. అందరూ ఒకే ఇంట్లో ఉంటారు, ఎవరి దిగులు వాళ్లదే.

ఆ దిగులు ఊరికే ఉండదు. నిద్ర పట్టనివ్వదు, ముద్ద దిగనివ్వదు. ‘ఇక నాకీ కీమో వద్దు’ అనిపిస్తుంది. ఊపిరితిత్తుల జబ్బులో ఇంకో చిక్కుంది. ఆయాసం వస్తే భయం, భయపడితే ఆయాసం మరింత ఎక్కువ! బీడీలు తాగినవారికైతే ‘నా చేతులారా తెచ్చుకున్నా’ననే బాధ అదనం.

అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి వైద్యులు ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందిపై చేసిన అధ్యయనం 2010లో వెలువడింది. సగం మందికి మామూలు చికిత్సతోపాటు మొదటి నుంచే నొప్పి, ఆయాసం, మనోవేదనలను తగ్గించే పాలియేటివ్ కేర్ అందించారు. వాళ్లలో కుంగుబాటు లక్షణాలు 16 శాతం మందిలోనే కనిపించాయి. మిగతావారిలో 38 శాతం. జీవితకాలమూ రెండున్నర నెలలకు పైగా పెరిగింది.

మరి ఇంట్లో ఏం చేయాలి?

* ‘ఈ వారం మనసుకెంత కష్టంగా ఉంది? సున్నా నుంచి పది మధ్య చెప్పు’ అని అడగండి. నాలుగు, ఆపైన చెబితే డాక్టరుకు తప్పక చెప్పాలి.

* ఆయాసం వచ్చినప్పుడు కాస్త ముందుకు వంగి కూర్చోబెట్టండి. చిన్న ఫ్యానుతో ముఖానికి గాలి తగలనివ్వండి. ముక్కుతో గాలి పీల్చి, ఈల వేస్తున్నట్టు పెదవులు ముడిచి నెమ్మదిగా వదలమనండి. తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

* కీమోతోపాటు ఇచ్చే స్టెరాయిడ్ల వల్ల కూడా నిద్ర తగ్గొచ్చు, చిరాకు పెరగొచ్చు. మందు సొంతంగా ఆపకుండా డాక్టరును అడగండి.

* ‘బతకాలని లేదు’ అంటే తేలిగ్గా తీసుకోవద్దు, ఒంటరిగా వదలొద్దు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్యులుంటారు. 2022లో మొదలైన టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

అన్నిటికన్నా ముందు ‘నీకేం కాదు’ అనే మాట కాసేపు పక్కన పెట్టి, ‘భయమైతాందా బాపూ?’ అని అడగండి. ఆయన జవాబు చెప్పేదాకా పక్కనే కూర్చోండి.