మీకు తెలుసా?
కడప నుంచి రాయచోటికి గువ్వలచెరువు ఘాటు ఎక్కే టర్బో డీజిల్ బండికి సాధారణంగా డైవర్టర్ వాల్వ్ అవసరమే ఉండదు. టర్బో పెట్రోల్ కారుకు మాత్రం ప్రతి మలుపులోనూ దానితో పని. యాక్సిలరేటర్ వదలగానే పెట్రోల్ ఇంజిన్‌లో థ్రాటిల్ మూసుకుంటుంది. టర్బో నొక్కి పంపిన గాలి వెనక్కి తన్ని, నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరగగల టర్బో చక్రానికి అడ్డుపడుతుంది. ఆ గాలిని తిరిగి టర్బో లోపలికే మళ్లించేది ఈ వాల్వ్. డీజిల్ ఇంజిన్ జోరును ఇంధనమే నిర్ణయిస్తుంది కాబట్టి గాలిదారి అలా మూతపడదు.

మన పెనుకొండలో 2019 నుంచి తయారవుతున్న కియా సెల్టోస్‌లో టర్బో పెట్రోల్ రకమూ ఉంది. ఇలాంటి కార్లకు వాల్వ్ మార్చాలనుకుంటే, గాలిని చప్పుడుతో బయటికి వదిలే రకం జోలికి పోకండి. గాలి ప్రవాహాన్ని కొలిచే సెన్సర్ ఉన్న బండ్లలో లెక్క తప్పి పెట్రోలు ఎక్కువ పడుతుంది. పాత వాల్వ్ లీకవుతుంటే తప్ప, కొత్తది ఎంత ఖరీదైనా ఇంజిన్ శక్తి పెరగదు.