లైసెన్సు ఉచితం, పాత ఫైళ్లు కావు

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11కు సరిపోని పాత కంప్యూటర్లు మన డీటీపీ సెంటర్లలో, స్కూళ్లలో బోలెడు. విండోస్ బదులు ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ వేసుకోండి, పైసా ఖర్చుండదు అని అక్కడివాళ్లకు చెప్పేవాళ్లూ ఎక్కువయ్యారు. సలహా మంచిదే. సగమే చెప్పడం మాత్రం అన్యాయం.

ఓ డీటీపీ సెంటర్‌నే తీసుకోండి. శుభలేఖలు, ప్రశ్నపత్రాలు, కవితా సంపుటాలు అన్నీ ఏళ్ల తరబడి పేజీలు కూర్చే విండోస్ ప్రోగ్రాము పేజ్‌మేకర్‌లో, అను అనే తెలుగు ఫాంట్లలో కొట్టినవే. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం ముక్కలుగా ఉంటుంది. గుడి, కొమ్ము, వత్తు ఒక్కొక్కటీ ఇంగ్లిషు అక్షరాలకో గుర్తులకో కేటాయించిన చోట్ల కూర్చుంటాయి. ఫాంటు లేనిచోట అదే ఫైలు తెరిస్తే కనిపించేవి అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలే. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపించే వైన్ ఉంది కదా అనొచ్చు. పేజ్‌మేకర్ తెరుచుకోవడం ఒకటి, అను కీబోర్డు దాంతో కలిసి పనిచేయడం మరొకటి. ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నా ఎక్కడో ఒక వత్తు జారుతుంది, సున్న ఎగిరిపోతుంది. ప్రతి పేజీనీ మళ్లీ ప్రూఫ్ చూడాల్సిందే. దానికి పట్టే రోజుల కూలి ఎవరిస్తారు? వేళ్లకు అలవాటైన కీబోర్డు మారితే ఆపరేటర్ వేగం కొన్ని వారాలపాటు పడిపోతుంది. అదీ యజమాని జేబులోంచే.

పెద్ద ఎత్తున ఈ దారిలో నడిచింది జర్మనీలోని మ్యూనిక్ నగరపాలన. 2003లో లినక్స్‌కు మారతామని నిర్ణయించింది. అప్పటి మైక్రోసాఫ్ట్ అధినేత స్టీవ్ బామర్ సెలవులు పక్కనపెట్టి స్వయంగా వెళ్లి మేయర్ క్రిస్టియన్ ఊడేను కలిసినా నగరం వెనక్కి తగ్గలేదు. అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. శాఖకో తీరుగా పేరుకుపోయిన ఫారాలు, లెటర్‌హెడ్లు, మాక్రోలు కొత్త ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లో సరిగా తెరుచుకోలేదు. వాటి కోసం వోల్‌మక్స్ అనే ప్రోగ్రాము సొంతంగా రాయించుకోవాల్సి వచ్చింది. 2013 నాటికి దాదాపు 15,000 కంప్యూటర్లు మారాయి, లైసెన్సుల డబ్బు మిగిలిందని నగరం లెక్క చూపింది. అయినా 2017లో తిరిగి విండోస్‌కు వెళ్లాలని కౌన్సిల్ ఓటేసింది. ఆ తిరుగు ప్రయాణానికి వేసిన అంచనా సుమారు 5 కోట్ల యూరోలు.

దీన్ని చూపించి లినక్స్ దండగ అనేవాళ్లతో నేను ఏకీభవించను. పదేళ్లు పట్టిన పనిని మరో కౌన్సిల్ కొట్టేసింది. ఓడింది రాజకీయ ఓపిక అన్నదే నా నమ్మకం. ఓపిక పడితే ఏమవుతుందో కేరళలో చూడొచ్చు: అక్కడి ప్రభుత్వ పాఠశాలలు లినక్స్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనే నడుస్తున్నాయి. అక్కడ టీచర్ల శిక్షణకు డబ్బు, సమయం రెండూ పెట్టారు, పాఠ్యపుస్తకాలూ పరీక్షలూ దానికి తగ్గట్టే తయారుచేశారు. లైసెన్సుల్లో మిగిలిన డబ్బు మనుషుల మీద పెట్టగలిగారు.

మన డీటీపీ సెంటర్ యజమానికి నేనిచ్చే సలహా ఇదే. పాత ఫైళ్ల కోసం ఒక విండోస్ మెషీన్‌ను ఇంటర్నెట్ తీసేసి అలాగే ఉంచండి. ప్రింటర్‌కు లినక్స్ డ్రైవర్ ఉందో లేదో మారకముందే చూసుకోండి. కొత్త పని యూనికోడ్‌లో మొదలుపెట్టి, పాతవాటిలో మళ్లీ ఆర్డరొచ్చినవి మాత్రమే మార్చుకుంటూ రండి. ఆపరేటర్ కొత్త కీబోర్డు నేర్చుకునే నెలలో జీతం కోయకండి.