వేరు దిగని నేల

అమెరికాలోని అపలాచియా కొండలలో బొగ్గుకై పైనుండి త్రవ్విన నేలను తిరిగి బాగుచేయవలెనని 1977లో చట్టము వచ్చెను. మట్టి జారిపోకుండునట్లు దానిని భారీయంత్రములతో అణగద్రొక్కి, గడ్డి విత్తనములు చల్లిరి. కొండలు పచ్చబడెను గాని, చెట్లు సరిగా ఎదుగలేదు. మట్టిరేణువుల నడుమ సందులు మూసికొనిపోయినచో నీరు ఇంకదు, గాలి ఆడదు, వేరు దిగదు. దట్టమైన గడ్డియు మొక్కకు అందవలసిన నీటిని హరించును.

అందుచే 2004 నుండి అచ్చటి శాస్త్రజ్ఞులును గనుల అధికారులును వేరొక పద్ధతిని ప్రచారము చేసిరి. కనీసము 4 అడుగుల మందమున మట్టిని గుల్లగా పోసి, త్రొక్కక విడిచి, గడ్డిని పలుచగా చల్లి, మొక్కలు నాటవలెను. ముందే గట్టిపడిన నేలను ఇనుపకోరలతో లోతుగా చీల్చవలెను.

మన పెరటిలో పిల్లలచే మొక్క నాటించునపుడును ఇదే నియమము. గుంట చుట్టును నేలను గుల్లచేయించి, ఆ మట్టిని ఎవరును త్రొక్కకుండ చూడుడు.