హుషారు పాటకు వయసెక్కడిది?

ఉగాది కానివ్వండి, దసరా కానివ్వండి... మనవాళ్ళ వేడుకల్లో చివరి ఘట్టం ఒక్కటే! ఉపన్యాసాలు, సన్మానాలు అయ్యాక ఓ హుషారు పాట పడుతుంది. అంతే! అప్పటిదాకా ఫోన్లు చూసుకుంటున్న పిల్లలూ, భోజనాల వైపు ఓరగా చూస్తున్న పెద్దలూ స్టేజీ ముందుకు వచ్చేస్తారు. పాట నిన్నటిదా, యాభై ఏళ్ళనాటిదా అని ఎవరూ అడగరు.

1973లో 'దేవుడు చేసిన మనుషులు' చిత్రంలో ఎల్.ఆర్.ఈశ్వరి గొంతు తాతయ్యల తరాన్ని ఊపేసింది. 2004లో 'ఆర్య' కోసం దేవిశ్రీ ప్రసాద్ కట్టిన 'ఆ అంటే అమలాపురం' నాన్నల తరానిది. 2020లో తమన్ 'బుట్టబొమ్మ'కు ఆస్ట్రేలియా క్రికెటర్ డేవిడ్ వార్నర్ ఇంటిల్లిపాదితో స్టెప్పులేశాడు!

ఏమిటీ మహత్యం?

ఈ పాటల పుట్టిల్లు స్టూడియో కాదు. పొలం, జాతర, పెళ్ళి ఊరేగింపు. వరినాట్లలో ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావారు అందుకుంటారు. బరాత్‌లో తీన్‌మార్ దెబ్బ పడితే నాట్యం నేర్చుకున్నవారే ఆడాలన్న నియమం లేదు. తేలికైన దరువు, మళ్ళీ మళ్ళీ వచ్చే పల్లవి, నలుగురూ కలిసి అందుకునే కోరస్. ఇంతకన్నా ఏం కావాలి? ఎవరినీ ప్రేక్షకుడిగా మిగల్చదు కాబట్టే హుషారు పాట పాతబడదు.

2023 మార్చిలో ఆస్కార్ గెలిచిన 'నాటు నాటు' సంగతే చూడండి. కీరవాణి బాణీకి ప్రపంచమంతా ఆడింది. కానీ వరంగల్ ప్రాంతంలోని చల్లగరిగ నుంచి వచ్చిన చంద్రబోస్ ఆ పాటలో పెట్టిందేమిటి? పోతరాజు, కర్రసాము, జొన్నరొట్టె, మిరపతొక్కు... అచ్చంగా మన పల్లె!

ఇక్కడే మనం ఒక్క క్షణం ఆగాలి. మన పిల్లలు ఆ పాటకు ఒక్క స్టెప్పూ తప్పరు. "పోతరాజు అంటే ఎవరమ్మా?" అని అడిగితే మాత్రం దిక్కులు చూస్తారు. వాళ్ళ తప్పేమీ కాదు. బడిలో ఇంగ్లీషు, అరబిక్, హిందీ పోగా తెలుగుకు మిగిలింది ఇల్లు, ఇదిగో ఈ పాటలూ. పాట కూడా వట్టి దరువుగా మిగిలిపోతే, సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు నానమ్మతో ఏం మాట్లాడతారు?

జవాబు చెప్పగలవారు మనకు దూరంగా లేరు. షార్జా విమానాశ్రయం దాటి ధైద్ రోడ్డు మీద వెళ్తే సజ్జా వస్తుంది. గ్యాస్ క్షేత్రం, ఫ్యాక్టరీలు, గిడ్డంగులు, కార్మికుల క్యాంపులు. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్ బాట పట్టిన మనవాళ్ళు ఇలాంటి క్యాంపుల్లోనే బతుకుతున్నారు. డ్యూటీ నుంచి వచ్చి, గదిలో వంతులవారీగా వండుకుంటూ ఫోనులో పెట్టుకునేదీ ఈ పాటలే. చెల్లెలి పెళ్ళికి సెలవు దొరకనివారు బరాత్‌ను వీడియో కాల్‌లోనే చూస్తారు. బోనాల్లో పోతరాజు కొరడా ఝళిపిస్తూ అమ్మవారి ముందు ఆడటం చూసినవారూ, పొలం గట్టున మిరపతొక్కుతో రొట్టె తిన్నవారూ వారే. మనకు పాటలో మాట... వారికి బతుకు!

మరి మన వేడుకల్లో వారి చోటు ఎక్కడ? వస్తే చివరి వరుసలో, రాకపోతే ఎవరికీ గుర్తుకు రాక!

వచ్చే వేడుకకు సజ్జాకు ఒక బస్సు పంపుదాం. వారి సెలవు రోజు చూసి తేదీ పెట్టుకుందాం. దప్పు తెలిసినవారి చేతికి దప్పు, జానపదం వచ్చినవారి చేతికి మైకు ఇద్దాం. పిల్లల కోసం పాటలు ఎంచేటప్పుడు మాటలు కూడా ఒకసారి వినండి. వాళ్ళ నోట పలకకూడని పాటలు పక్కన పెట్టినా, మిగిలినవి బోలెడు!

పిల్లలూ, మీకు చిన్న హోంవర్కు! ఈసారి ఆడేముందు పాటలో అర్థం కాని మూడు మాటలు రాసుకోండి. స్టేజీ దగ్గర కనిపించే బాబాయినో, మావయ్యనో అడగండి. ఊళ్ళో తన పిల్లలను వదిలి వచ్చిన ఆ బాబాయి మీకు మాటకు అర్థంతో పాటు ఓ కథ కూడా చెబుతాడు. వినండి. ఆ తర్వాత... ఇద్దరూ కలిసి స్టెప్పెయ్యండి!