ఒంటిమీది కళ: పచ్చబొట్టు, చెవిపోగు, ముక్కుపుడక

మా తరగతులకు వచ్చే విద్యార్థుల చేతుల మీద ఈమధ్య టాటూలు తరచుగా కనిపిస్తున్నాయి. దీన్ని తెలుగులో ఏమంటారని అడిగితే కొందరు తడుముకుంటారు. కాసేపటికి ఎవరో ఒకరు "మా నాయనమ్మ చేతి మీద పచ్చబొట్టు ఉండేది" అంటారు. రెండూ ఒకటేనన్న సంగతి అప్పుడు స్ఫురిస్తుంది. టాటూ అన్నది పాలినేషియా భాషల పదం. 1769లో కెప్టెన్ కుక్ తాహితీ దీవికి చేరిన తరువాత ఇంగ్లీషులోకి వచ్చింది. పచ్చబొట్టు మన ఇంటి మాట. ఆ మాట వెనుక ఉన్న కళను గురించి నాలుగు సంగతులు చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా పేరు చూద్దాం. పచ్చ అంటే రంగు, బొట్టు అంటే చుక్క. ఈ పనిని "పొడవడం" అంటాం. తమిళంలో దీన్ని "పచ్చై కుత్తుదల్" అంటారు. అక్కడా పచ్చే, అక్కడా పొడవడమే. కన్నడంలో "హచ్చె". పాత కన్నడంలోని పకారం తరువాతి కాలంలో హకారమైందని కర్ణాటకలో చదివే మీకు తెలుసు. మన పాలు అక్కడ హాలు, మన పులి అక్కడ హులి. అలాగే పచ్చె హచ్చె అయింది. మరాఠీలో "గోందణ్" అంటారు. ఒడియాలో "చితా" అంటారు. పండుగనాడు ఇంటి నేల మీద, గోడల మీద బియ్యప్పిండితో వేసే ముగ్గుకు కూడా ఒడియాలో అదే మాట. దీన్ని గుర్తుంచుకోండి, మళ్ళీ ఈ సంగతికి వస్తాం.

పేరులో పచ్చ ఉన్నా, పొడిచే రంగు మాత్రం నలుపే. దీపపు మసినో బొగ్గుపొడినో ఆకు పసరుతో నూరేవారు. కొన్నిచోట్ల చనుబాలు కలిపేవారు. రెండు మూడు సూదులను దారంతో కలిపి కట్టి, ఆ మసిలో ముంచి చర్మం మీద వరుసగా పొడిచేవారు. తరువాత పసుపు రాసేవారు. మసి చర్మపు లోపొరలో నిలుస్తుంది. పైపొర గుండా చూసినప్పుడు వెలుగు చెదరడం వల్ల ఆ నలుపు మన కంటికి నీలంగా, పచ్చగా కనబడుతుంది. పైపొర రాలిపోతూ కొత్తది వస్తూ ఉంటుంది గాని లోపొర అలా రాలదు. అక్కడి రక్షక కణాలు మసి రేణువులను మింగి పట్టుకుంటాయి. ఒక కణం చనిపోతే మరొకటి వచ్చి వాటిని తిరిగి పట్టుకుంటుందని 2018లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు ఎలుకల మీద చేసిన పరిశోధనలో తేలింది. పచ్చబొట్టు చెరగకపోవడానికి కారణం ఇదే.

ఇక పొడిచేవారి సంగతి. తెలుగు పల్లెల్లో ఈ పని ఎక్కువగా ఎరుకల స్త్రీలది. బుట్టలు అమ్ముతూ, ఎరుక చెబుతూ, పచ్చబొట్లు పొడుస్తూ ఊరూరూ తిరిగేవారు. ఈ జనాన్నే తమిళనాడులో కురవర్ అని, కర్ణాటకలో కొరవ, కొరచ అని పిలుస్తారు. 1909లో వెలువడిన ఎడ్గార్ థర్‌స్టన్ ఏడు సంపుటాల గ్రంథం వీరి పచ్చబొట్టు వృత్తిని నమోదు చేసింది. వీరు ఇంట్లో మాట్లాడుకునే ఎరుకల భాష తమిళానికి దగ్గరిది. ఊళ్లోకి వస్తే తెలుగు. అంటే భాషల సరిహద్దులు దాటి నడిచిన కళాకారిణులు వీరు. రెండు మూడు భాషల మధ్య పెరిగిన మీకు ఆ నడక కొత్తది కాదు. ఆదిలాబాదు ప్రాంతంలో గోండులకు తోటి తెగ స్త్రీలు పచ్చబొట్లు పొడిచేవారు. తోటి పురుషులు గోండుల వంశగాథలు పాడే గాయకులు. ఒకే తెగలో పురుషుడు కథను పాడగా, స్త్రీ ఒంటిమీద చిత్రం వేసేది.

చిత్రాలు ఏమిటంటే, చుక్కలు, తేలు, పువ్వు, తులసికోట, ఇష్టదైవం, పెనిమిటి పేరు లేక తోబుట్టువు పేరు. చుక్కలు పెట్టి, వాటిని గీతలతో కలపడం ముగ్గులోని పద్ధతి. పచ్చబొట్టు కూడా చుక్క తరువాత చుక్కగానే పుడుతుంది. ఒడియావారు రెండింటినీ ఒకే మాటతో పిలవడంలో ఔచిత్యం ఇదే. అయితే ముగ్గును రేపు చెరిపి కొత్తది వేసుకోవచ్చు, పచ్చబొట్టుకు ఆ వీలు లేదు. అందుకే ఎంచుకోవడంలో బరువు ఉంటుంది. చివరి ప్రయాణంలో ఒంటిమీది నగలన్నీ ఒలుచుకుంటారు గాని పచ్చబొట్టును ఎవరూ తీసుకోలేరని పెద్దలు చెప్పే మాట మీలో చాలామంది వినే ఉంటారు. నగలు కొనలేని ఇంటి ఆడపిల్లకు అది సొంత ఆస్తి.

చెవి, ముక్కు కుట్టించుకోవడం కూడా ఇలాంటిదే. చెవులు కుట్టడం ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకూ వేడుకే. మేనమామ ఒడిలో కూర్చోబెడితే కంసాలి సన్నని బంగారు తీగతో కుట్టేవాడు. కమ్మలు, దుద్దులు, జూకాలు, చెవి పైభాగానికి బావిలీలు, ముక్కుకు ముక్కెర, నత్తు, ముక్కుదూలానికి అడ్డబాస, బులాకీ అంటూ మన భాషలో వీటికి ఎన్నో పేర్లు. వీటిలో చెవి నగలు చాలా పాతవి. తమిళనాడు విద్యార్థులు చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలోని అమరావతి శిల్పాలను ఒకసారి శ్రద్ధగా చూడండి. చెవులకు బరువైన కుండలాలు ఉంటాయి గాని ముక్కులకు ఏ నగా ఉండదు. ముక్కు నగకు క్రీ.శ. 1000కి ముందు ఆధారాలు దొరకవని పూనాకు చెందిన పండితుడు పి.కె. గోడే వాదించారు. సనాతనమని మనం తలచే అలంకారం కూడా ఒకనాడు కొత్తగా వచ్చిన మోజే కావచ్చు. నేటి యువతీయువకుల అలంకారాలను చూసి విసుక్కునే పెద్దలు ఈ సంగతి ఆలోచించాలి.

ఇక్కడ మరో ముఖాన్నీ చూడాలి. ఆంగ్లేయుల పాలనలో బెంగాల్, మద్రాసు రాజధానుల్లో కొన్ని నేరాలకు శిక్షగా ఖైదీల నుదుట పచ్చబొట్టు పొడిచేవారు. 1849లో ఆ శిక్ష రద్దయింది. సూది అదే, మసి అదే. కాని అక్కడ పొడిపించుకునేవారి ఇష్టానికి తావు లేదు. ఊహ తెలియని వయసులోనే, ఆచారం పేరుతో పొడిపించుకున్న స్త్రీలూ ఉన్నారు. ఏడుస్తున్న పిల్లను నలుగురు పట్టుకోవడాన్ని ఆత్మాభివ్యక్తి అనలేం. ఒంటిమీది గుర్తు కళ కావాలంటే పొడిచే చేతికి నేర్పు, పొడిపించుకునే మనిషికి ఇష్టం, రెండూ ఉండాలని మా అభిప్రాయం.

నేడు సూది స్థానంలో యంత్రం వచ్చింది. 1891లో న్యూయార్కులో శామ్యూల్ ఓరైలీ పేటెంటు పొందిన విద్యుత్ యంత్రం దీనికి మూలం. యంత్రమైనా చేతి సూదైనా, ఒకరికి వాడినది మరొకరికి వాడితే హెపటైటిస్, హెచ్.ఐ.వి. వంటివి సోకే ప్రమాదం ఉంది. జాతరలో పొడిపించుకున్నా, నగరంలోని దుకాణంలో పొడిపించుకున్నా కొత్త సూది కోసం పట్టుబట్టండి.

చివరిగా ఒక మనవి. తాళపత్రం భాండాగారంలో ఉంటుంది, శిల్పం మ్యూజియంలో ఉంటుంది. పచ్చబొట్టు మాత్రం మనిషితోనే వచ్చి మనిషితోనే పోతుంది. మీ ఇంట్లో, మీ వీధిలో పచ్చబొట్టు ఉన్న పెద్దలు ఉంటే ఈ సెలవుల్లో వారి దగ్గర కూర్చోండి. వారి అనుమతి అడిగి, ఆ బొమ్మను కాగితం మీద చుక్కలతో సహా గీయండి. దాని పేరేమిటి, ఎవరు పొడిచారు, ఏ ఊళ్లో, ఏ వయసులో, బదులుగా ధాన్యం ఇచ్చారా డబ్బు ఇచ్చారా, నొప్పి మరపించడానికి ఆమె పాట పాడిందా అని అడగండి. వారు చెప్పింది వారి మాటల్లోనే, వారి యాసలోనే రాయండి. షోలాపురం నాయనమ్మ చెప్పే పేరూ, హోసూరు అవ్వ చెప్పే పేరూ, పర్లాకిమిడి మామ్మ చెప్పే పేరూ ఒకటే కాకపోవచ్చు. ఆ తేడాలే మన భాష తిరిగిన దారులు. ఆ చెయ్యి మన ముందు ఉండగానే వాటిని రాసుకోవాలి.